తుక్కు బజార్ల వెంట... మదనపల్లె నుంచి కుప్పం దాకా

తెరమీద ఇనుముకి బరువుండదు. హీరోగారు ఒంటిచేత్తో వంచేసే కమ్మీ రబ్బరుది కావచ్చు, విలన్ మీదికి విసిరే బండ థర్మోకోల్ ముక్క కావచ్చు. సెట్ వేసిన కళాదర్శకుడికి ఆ సంగతి తెలుసు, మనకీ తెలుసు. అయినా ఈల వేస్తాం! బయట బజార్లో మాత్రం ఇనుముకి బరువుంది. బరువుకి ధర ఉంది. ఆ ధర అడిగి గుండె జారిన కుర్రకారు మన పాఠకుల్లో ఎంతమంది లేరు?

ఇంటికి గేటు చేసుకుందామని ఒకడికి, డంబెల్సూ బెంచీ తయారుచేసుకుని కండలు పెంచుదామని మరొకడికి, కోళ్ళ గూడు అల్లుదామని ఇంకొకడికి కోరిక. కొత్త ఇనుము కొట్టుకి వెళ్ళి రేటు విని, "సర్లేన్నా, మళ్ళొస్తా" అని తిరిగొచ్చేస్తారు. అలాంటివాళ్ళ కోసమే ఈ ప్రయాణం. హార్సిలీ హిల్స్ చలిగాలి గురించి మరెవరైనా రాస్తారు. మనం తుక్కు కొట్ల ధూళి చూసొద్దాం.

నాతో వచ్చినవాడు మా అక్క కొడుకు. ఐటిఐలో వెల్డర్ ట్రేడు పూర్తిచేశాడు. ఇంటి వెనక నాలుగు రేకుల షెడ్డూ, అప్పుచేసి కొన్న చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషనూ ఉన్నాయి. బెంగుళూరులో ఒక వర్క్‌షాపు నుంచి రమ్మని కబురొచ్చింది. ఒకటో తేదీలోగా ఏ మాటా చెప్పాలి. "షెడ్డులో పని నడుస్తుందనుకుంటే ఈడ్నే ఉంటా మామా, లేదంటే పోతా" అన్నాడు. షెడ్డు నడవాలంటే ముందు ఒక పనిబల్ల, ఒక దాకలి, గ్రైండర్ బిగించుకునే దిమ్మె కావాలి. వాటితోపాటు వాళ్ళమ్మకి ఎప్పుడో మాటిచ్చిన వంటగట్టు బండ ఒకటి బాకీ. జేబులో ఉన్న డబ్బుకి కొత్త సరుకైతే పనిబల్ల కాళ్ళు మాత్రమే వస్తాయి. అందుకే మూడు ఊళ్ళు తిరగడానికి బయల్దేరాం.

మదనపల్లె గురించి రాసేవాళ్ళు మామూలుగా రెండు సంగతులు చెప్పి చేతులు దులుపుకుంటారు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఇక్కడే పుట్టడం ఒకటి. 1919లో రవీంద్రనాథ్ టాగూరు బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి జనగణమనకి ఇంగ్లీషు అనువాదం రాయడం ఇంకొకటి. రెండూ నిజాలే, గర్వపడాల్సినవే. కానీ ఈ ఊరి నాడి పట్టుకోవాలంటే టమోటా మార్కెట్టుకి వెళ్ళాలి. 2023 జూలైలో కిలో నూట యాభై దాటినప్పుడు టీవీలవాళ్ళంతా ఇక్కడే మకాం వేశారు. ధర పెరిగినా పడిపోయినా లారీలు తిరగడం ఆగదు. అధిక బరువుతో, గతుకుల రోడ్లమీద లారీ తిరిగితే అరిగేవీ విరిగేవీ దాని కమాను కట్టలు. కమాను కట్టలు మార్చే షెడ్లున్న చోట పాత పట్టీలు పోగుపడతాయి. చూశారా, టమోటాకీ కత్తికీ చుట్టరికం ఎలా కలిసిందో!

లారీ కమాను పట్టీ మామూలు ఇనుము కాదు, స్ప్రింగు ఉక్కు. మచ్చుకత్తి, గొడ్డలి, ఉలి ఏది చేయాలన్నా మన కమ్మరి మొదట వెతికేది దాన్నే. కొత్తగా కొనాలంటే ఈ రకం ఉక్కు చిన్న ఊళ్ళలో దొరకదు, దొరికినా మనం అందుకోలేం. తుక్కు కొట్టులో మాత్రం కాటా మీద కిలో లెక్కన, మామూలు తుక్కు కంటే కాస్త ఎక్కువకి ఇచ్చేస్తారు.

ఈ వైపు తుక్కు కొట్టుని గుజిరీ అంగడి అంటారు. మేం వెళ్ళిన అంగడిలో ఓ పెద్ద భాయి కూర్చునున్నాడు. గడ్డం నెరిసింది, కళ్ళు మాత్రం కాటా ముల్లు మీదే ఉన్నాయి.

"ఏం గావల్ల నాయనా?"

"కమాను పట్టీ గావల్ల భాయ్."

"ఇరిగిందా, అరిగిందా?"

మావాడు నా మొహం చూశాడు. భాయి నవ్వి విప్పి చెప్పాడు. విరిగిన పట్టీ చౌక. కానీ ఒకచోట విరిగిందంటే మరోచోట కంటికి కనపడని చీలిక ఉండొచ్చు. దాన్ని కొలిమిలో పెట్టి సాగగొట్టాక ఆ చీలిక బయటపడితే కూలీ, బొగ్గూ రెండూ దండగ. అరిగిపోయి మార్చేసిన పట్టీ మేలు. మరి చీలిక ఉందో లేదో తెలిసేదెలా? పట్టీని శుభ్రంగా తుడిచి కిరసనాయిలు పూసి కాసేపు వదిలెయ్యాలి. తర్వాత పైన పొడిగా తుడిచేసి సుద్దపొడి చల్లాలి. చీలికలో దాక్కున్న కిరసనాయిలు పైకి వచ్చి సుద్దమీద సన్నటి గీత గీస్తుంది. దమ్మిడీ ఖర్చులేని ఎక్స్‌రే!

పోగులోంచి ఏది మెత్తటి ఇనుమో, ఏది ఉక్కో తేల్చడానికి మరో ఉపాయం గ్రైండర్. ముక్కని తిరిగే చక్రానికి ఆనించి నిప్పురవ్వలు చూడాలి. మెత్తటి ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, గడ్డిపోచల్లా సాగుతాయి. కర్బనం ఎక్కువున్న ఉక్కైతే దగ్గర్లోనే చిటపటా పగిలి కాకరపువ్వొత్తిలా పూస్తాయి. స్టీలు సామాను విషయానికొస్తే అయస్కాంతం జేబులో ఉండాలి. అంటుకోకపోతే గిన్నెలకి వాడే రకం స్టీలు కావచ్చు, అల్యూమినియమో ఇత్తడో కావచ్చు. రాగిలా మెరుస్తూ అయస్కాంతానికి అతుక్కుందంటే అది రాగిపూత పూసుకున్న ఇనుము. మేకప్ వేసుకున్న డూప్ అన్నమాట!

ఇక లెక్క. గుజిరీలో అంతా కిలోలే కాబట్టి, కొనబోయే కడ్డీ ఎంత తూగాలో ముందే తెలిస్తే కాటాతో పేచీ ఉండదు. గుండ్రటి కడ్డీ అయితే దాని మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, ఆ అంకెను దానితోనే హెచ్చించి, 162తో భాగించండి. మీటరుకి ఎన్ని కిలోలో వచ్చేస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకి సుమారు 0.89 కిలో. 8 మిల్లీమీటర్లది 0.4 కిలోకి ఒక పిసరు తక్కువ. రేకైతే ఒక చదరపు మీటరుకి, ఒక మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు. పరీక్షల్లో ఈ లెక్క రాకపోయినా ఫరవాలేదు, బజార్లో రావాలి.

పనిబల్లకి యాంగిలర్ ముక్కలు ఏరుకున్నాం. అంగుళంన్నర యాంగిలర్, అక్కడక్కడ రంధ్రాలు, పాత పెయింటు. కొత్తదాని ధరలో సగం అటూ ఇటూగా పడింది. పెద్ద వర్క్‌షాపుల్లో మిగిలిన కత్తిరింపు ముక్కలు కూడా ఓ పక్క గుట్టగా ఉన్నాయి. అడుగు, అడుగున్నర పొడవు. గేటుకి పనికిరావు గాని బ్రాకెట్లకీ బందులకీ అంతకంటే మంచి సరుకుండదు.

అక్కడే మావాడికి ఒక పెద్ద డ్రమ్ము మీద కన్నుపడింది. నిలువుగా కోసి కొలిమికి గూడు చేసుకుందామని ఉబలాటం. మూత బిగించి ఉంది, లోపల ఏం పోశారో రాసిలేదు. భాయి గట్టిగానే కసిరాడు. "మూతేసిన డ్రమ్ముకి నిప్పు జూపిస్తే అది బాంబే నాయనా!" అక్షరాలా నిజం. లోపల ఎప్పటిదో పెట్రోలూ థిన్నరూ ఆవిరిగా మిగిలినా చాలు, గ్రైండర్ రవ్వ తగిలి పేలుతుంది. ఖాళీ డ్రమ్ములు కోయబోయి పోయిన ప్రాణాలు తక్కువేం కాదు. ఏం ఉండిందో తెలియని డ్రమ్ముని వదిలెయ్యడమే తెలివి. లారీల కింద ఉండే గ్యాసు నింపిన షాక్ అబ్సార్బర్లూ అంతే. వేడి తగిలితే తూటాలవుతాయి. సినిమాలో పేలుడు తర్వాత హీరో దుమ్ములోంచి నడిచొస్తాడు, షెడ్డులో పేలితే నడిచొచ్చేవాడుండడు.

పాత బోరు పైపులు కూడా ఇక్కడ దండిగా దొరుకుతాయి. రాయలసీమలో నీళ్ళు లోతుకి దిగేకొద్దీ రైతు బోరు మీద బోరు వేశాడు. ఎండిపోయిన బోర్లలోంచి పైకి లాగిన జిఐ పైపులు గుజిరీ చేరాయి. పందిరి గుంజలకీ మంచాల కాళ్ళకీ భేషైన సరుకు. రైతు కష్టం మనకి చౌక బేరమైందని తలచుకుంటే కాస్త చివుక్కుమంటుంది గాని, పైపు తప్పేముంది? ఒక్క జాగ్రత్త చాలు. వాటికి జింకు పూత ఉంటుంది. పూత గీకెయ్యకుండా వెల్డింగు పెడితే తెల్లటి పొగ లేస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం ఖాయం. అతుకు పెట్టేచోట ముందు గ్రైండర్‌తో పూత తీసేసి, గాలి ఆడేచోట పని చేసుకోవాలి.

మేం లెక్క చూసుకుంటుండగా ఓ కుర్రాడు మోటారు సైకిలు మీద గోనెసంచి తెచ్చి దించాడు. లోపల రాగి తీగ. చుట్ట విప్పిన తీరు చూస్తే ఏదో మోటారుదో, ట్రాన్స్‌ఫార్మర్‌దో.

"ఎవుర్దిది?" అన్నాడు భాయి.

"మాదేనా."

"మీదైతే మీ నాయన్ని పిల్చుకోనిరా, కాటా ఏస్తా."

కుర్రాడు సంచి ఎత్తుకుని మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. నిజంగా వాళ్ళదే కావచ్చు, ఎవరికి తెలుసు? కానీ ఈ ప్రాంతంలో రాగి కోసం పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టే దొంగతనాలు కొత్తకాదు. దొంగ చేతికొచ్చేది కొన్ని కిలోల రాగి. దాని నూనె నేలపాలు, కొత్తది వచ్చేదాకా ఆ లైను మీదున్న మోటార్లన్నీ బంద్. కాయ పట్టే రోజుల్లో టమోటా తోటకి వారం నీళ్ళు లేకపోతే ఏమవుతుందో మదనపల్లెలో ఎవరినడిగినా చెబుతారు. చౌక సరుకు వెతికేవాడు రెండో ప్రశ్నగా "ఎంత?" అని అడగాలి. మొదటి ప్రశ్న "ఎక్కడిది?" అయితేనే ఆ చౌకకి అర్థం. నిక్కచ్చి గుజిరీవాడు ఆ ప్రశ్న తనే అడుగుతాడు. అడగని అంగట్లో రాగీ ఇత్తడీ కొనకండి.

అన్నట్టు, ఈ పత్రిక చదివేవాళ్ళకి ప్రత్యేకం ఒక సంగతి. పాత సామాను గుట్టల్లో ఒక్కోసారి గుండ్రటి రేకు డబ్బాలు తగులుతాయి. సినిమా రీళ్ళ డబ్బాలు! 2010 తర్వాత థియేటర్లన్నీ డిజిటల్‌కి మారిపోయాక రీళ్ళూ, వాటి డబ్బాలూ, ప్రొజెక్టర్ విడిభాగాలూ తుక్కు కిందికి వచ్చేశాయి. మేకులూ మరలూ వేసుకోవడానికి అంతకంటే గట్టి డబ్బా లేదు.

జినాన్ దీపాలు రాకముందు ప్రొజెక్టర్‌లో వెలుగునిచ్చింది ఏమిటో ఎరుగుదురా? రాగిపూత వేసిన రెండు కార్బన్ కడ్డీలు. వాటి కొసలు కలిపి కాస్త ఎడం చేస్తే మధ్యలో కరెంటు మెరుపులా నిలబడేది. దాన్నే ఆర్క్ అంటారు. మావాడి వెల్డింగ్ రాడ్డు చివర వెలిగేదీ ఆ ఆర్కే! ఆపరేటర్ దాన్ని నల్లద్దం లోంచే చూసేవాడు, వెల్డరూ నల్లద్దం లోంచే చూస్తాడు. 1979లో 'డ్రైవర్ రాముడు' లారీ తెరమీద పరిగెత్తిన వెలుగూ, అసలు లారీకి ఛాసిస్ అతికిన వెలుగూ ఒకే కుటుంబం అన్నమాట. ఆ రోజుల్లో అరిగి పారేసిన కార్బన్ ముక్కల కోసం పిల్లలు ప్రొజెక్టర్ గది కింద కాచుకునేవాళ్ళు. వెల్డర్లకి కూడా అవి పనికొచ్చేవి, ఇత్తడి అతకడానికి వేడి పుట్టించుకునేవాళ్ళు. నల్లద్దం లేకుండా ఆ వెలుగు చూసినవాడికి మాత్రం రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. ఇప్పటికీ అంతే. నూటికో ఇన్నూటికో దొరికే అద్దం దగ్గర పిసినారితనం వద్దు.

మదనపల్లె నుంచి పుంగనూరు సుమారు ముప్పై కిలోమీటర్లు. ఈ ఊరికి రైలు లేదు, బస్సే దిక్కు. పుంగనూరు ఆవు పేరు వినని తెలుగువాడుండడు. నడుం ఎత్తు కూడా ఉండని ఆ ఆవుకి ఇవ్వాళ పలికే ధర ముందు మన కొత్త ఇనుము ధర కూడా చిన్నబోతుంది. జమీందార్ల ఊరు కాబట్టి పాత కట్టడాలు ఎక్కువ. పాత ఇళ్ళు పడగొట్టి మిద్దెలు లేపుతున్నారు గనక పడగొట్టిన సామానూ ఎక్కువే.

ఇల్లు కట్టుకునేవాడు ఇక్కడ చూడాల్సింది ద్వారబంధాలు. పాతకాలపు వేప, టేకు కర్ర నలభై యాభై ఏళ్ళు ఎండి, వంగాల్సినంత వంగి, ఇక వంగనని భీష్మించుకు కూర్చుంటుంది. కొత్త కర్రకి ఆ స్థిరం రావడానికి ఏళ్ళు పడుతుంది. కొనేముందు బాకుమొనతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే చెద తిన్నట్టు. మేకులన్నీ పీకించుకునే కొనండి, రంపం పళ్ళు పోయాక ఏడ్చి లాభం లేదు. కిటికీ కమ్ములూ బావి గిలకలూ కూడా అక్కడే దొరుకుతాయి. మంగళూరు పెంకులు మాత్రం ఒక్కొక్కటీ వేలితో తట్టి చూసుకోవాలి, ఖంగుమనాలి. డొల్లగా పలికిందంటే పగులుంది.

ఎద్దుబండి చక్రాల ఇనప పట్టాల కోసం ఓ కొలిమికి వెళ్ళాం. బండ్లన్నీ రబ్బరు టైర్లకి మారాక ఈ పట్టాలు కొలిముల దగ్గర మూలపడ్డాయి. చెక్క చక్రానికి పట్టా తొడగడం చూడాల్సిన పని. చక్రం కంటే పట్టాని కొంచెం చిన్నదిగా చేస్తారు. చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలిస్తే అది వ్యాకోచించి చక్రానికి సరిపడుతుంది. తొడిగీ తొడగంగానే నీళ్ళు గుమ్మరిస్తారు. బుస్సుమని పొగలేచి, పట్టా బిగుసుకుని, చెక్క కీళ్ళన్నీ కిర్రున ఒక్కటవుతాయి. ఒక్క మేకు ఉండదు! ఆ పాత పట్టా మెత్తటి ఇనుము. వంచితే వంగుతుంది, వెల్డింగ్ చక్కగా పడుతుంది. గేటుకి వంపులు తిప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? కత్తికి మాత్రం పనికిరాదు, పదును నిలవదు.

మా సంచిలో ఉన్న కమాను పట్టీ చూసి కొలిమి పెద్దాయన మావాడి వైపు తిరిగాడు.

"దీన్ని నీళ్ళల్లో ముంచుతావా అబ్బోడా?"

"అవున్నాయనా, ఎర్రగ కాల్చి..."

"పటుక్కుమంటాది. నూనిలో ముంచల్ల."

ఐటిఐలో వెల్డింగ్ చెబుతారు, పదును పెట్టడం అంతగా చెప్పరు. ఆయన చెప్పింది ఇది. పట్టీని మొదట ఎర్రగా కాల్చి బూడిదలో పాతిపెట్టి, రాత్రంతా నెమ్మదిగా చల్లారనిస్తే మెత్తబడి ఆకురాయికి లొంగుతుంది. ఆకారం వచ్చాక మళ్ళీ కాల్చాలి. అయస్కాంతం అంటుకోవడం మానేసిన ఎరుపు దాటి కాస్త పైకి వచ్చాక నూనెలో ముంచాలి. అప్పుడది గాజులా గట్టిపడి, గాజులాగే పెళుసుగానూ ఉంటుంది. అందుకని ఒక పక్క గీకి మెరిపించి, సన్న సెగ మీద మళ్ళీ వేడి చేస్తూ రంగులు చూడాలి. మొదట ఎండుగడ్డి పసుపు వస్తుంది, తర్వాత గోధుమ, ఆపైన ఊదా, నీలం. ఉలి కొసకి పసుపు దగ్గర ఆపాలి, దెబ్బలు తినే మచ్చుకత్తికి నీలం వైపు పోనివ్వాలి. ఈస్ట్‌మన్ కలర్‌లో కూడా అన్ని రంగులుండవు!

దాకలి సంగతి అడిగాం. కొత్త దాకలి ధర చెబితే మీరు నమ్మరు. లోకమంతటా ఇంట్లో ఇనుప పని చేసుకునేవాళ్ళు రైలుపట్టా ముక్కని దాకలిగా వాడతారు. మన దగ్గర అందులో ఒక చిక్కుంది. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం నేరమని 1966 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. రైల్వే వేలంలో పాడిన సరుకై, కాగితాలుంటే సరే. లేకుంటే ముట్టుకోకండి. పెద్దాయన చూపించిన దారి వేరు. లారీ వెనక చక్రాల యాక్సిల్ షాఫ్టు ఒకటి తీసుకుని, దాని వెడల్పు తల పైకి వచ్చేలా నిలువుగా ఓ తుమ్మ మొద్దులోకి దించడం. తల అరచేయంతే ఉంటుంది, కాని సమ్మెట దెబ్బ కింద నిలబడేది అరచేయంత చోటే కదా! షాఫ్టు పొడవంతా దెబ్బకి దన్నుగా ఉంటుంది. ఆ సాయంత్రమే ఒకటి దొరికింది. మోసుకురావడానికి ఇద్దరం పట్టాం.

పుంగనూరు నుంచి పలమనేరు, అక్కణ్ణించి వి.కోట మీదుగా కుప్పం. పలమనేరులో మట్టిబొమ్మల అంగళ్ళు చూస్తూ టీ తాగడం తప్ప మాకు పనిలేకపోయింది. ఆపైన దారి పక్కన కౌండిన్య అడవి, ఏనుగులున్న అడవి. పొలాల చుట్టూ కంచెలు చూస్తే ఇనుము అవసరం ఎక్కడ ఎలా పుడుతుందో తెలుస్తుంది.

కుప్పంలో దిగితే తెలుగూ తమిళమూ కన్నడమూ ఒకే టీకొట్టులో వినిపిస్తాయి. మూడు రాష్ట్రాలు కలిసే మూల ఇది. బెంగుళూరు, మద్రాసు రైళ్ళ దారిలో ఉంది. ఇక్కడి ధనం నేలలో ఉంది. గ్రానైట్! కుప్పం గ్రీన్ అనే ఆకుపచ్చ రాయి పేరు దూరదేశాల్లో కూడా తెలుసు. పెద్ద దిమ్మెలు కోసి, పలకలు చేసి, మెరుగుపెట్టి పంపించాక అంచు ముక్కలు మిగులుతాయి. కొన్ని రెండడుగులు, కొన్ని నాలుగడుగులు, ఒక పక్క వంకర. పెద్ద వ్యాపారికి అవి తలనొప్పి. మనకి వంటగట్టు, గడప, మెట్టు, అరుగు.

మావాడు ఏరింది ఒక నల్లటి పలక, ఒక మూల విరిగింది. ఆ మూల కోసేస్తే వాళ్ళమ్మ గట్టుకి సరిగ్గా సరిపోతుంది. గ్రానైట్ బరువు ముందే లెక్కేసుకోండి. 20 మిల్లీమీటర్ల మందం పలక చదరపు అడుగుకి సుమారు 5 కిలోలు. పది అడుగులంటే యాభై కిలోలు, ఒకడు ఎత్తబోతే నడుం పోతుంది. పలకని ఎప్పుడూ పడుకోబెట్టి మొయ్యకూడదు, నిలబెట్టి పట్టుకోవాలి. పడుకోబెడితే తన బరువుకి తనే విరుగుతుంది.

రాతి యార్డుల్లో ఇనుప పనివాడికి కూడా విందుంది. రాయి కోసే పెద్ద వజ్రపు చక్రాలుంటాయి. వజ్రం అసలు అంచున అతికిన ముక్కల్లోనే ఉంటుంది. అవి అరిగిపోయి, చక్రం ఇక మళ్ళీ వాడలేమనుకున్నాక మిగిలేది మంచి ఉక్కు పలక. కత్తులకీ గోకుళ్ళకీ దాన్ని కోసుకుంటారు. క్వారీల్లో రాయికి రంధ్రాలు పెట్టే ఆరు పలకల డ్రిల్ కడ్డీలు కూడా అంతే. అరిగిపోయినవి గడ్డపారకీ ఉలికీ తిరుగులేని సరుకు. మధ్యలో సన్నటి రంధ్రం ఉంటుంది, అది మర్చిపోయి సాగగొట్టకండి. ఇక పెద్ద రాయిని వడ్డె మేస్త్రీలు చీల్చే తీరు చూస్తే ఫైటింగ్ సీన్లన్నీ దిగదుడుపే. వరసగా రంధ్రాలు, వాటిల్లో ఇనప చీలలు. ఒక్కోదానికి ఒక్కో దెబ్బ, మళ్ళీ మొదటినుంచి. శబ్దం మారుతూ వస్తుంది. మేస్త్రీ చెవి రాయికేసి పెట్టి ఆగుతాడు. మరో రెండు దెబ్బలకి బండ గీత గీసినట్టు విడిపోతుంది. అలా చీల్చిన రాతి కూసాలే ఈ ప్రాంతంలో కంచెలకి గుంజలు. ఇనప గుంజ కంటే చౌక, తుప్పుండదు.

ఇక్కడికి ముప్పై కిలోమీటర్లకి అటూ ఇటూ దూరంలో, సరిహద్దు అవతల కోలార్ బంగారు గనులు. 2018లో 'కెజిఎఫ్' చూసి మీరంతా ఊగిపోయిన చోటే. ఆ చిత్రానికి అక్కడి సైనైడ్ దిబ్బల మీద సెట్లు వేశారు. అసలు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కుప్పం పక్కనున్న చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా ఆ ఏడే ఆగిపోయాయి. తెరమీద బంగారం మెరిసింది గాని, ఆ గనుల్లో రాళ్ళు తొలిచిన కార్మికుల ఊపిరితిత్తుల్లో పేరుకున్న దుమ్ము తెరకెక్కలేదు. సిలికోసిస్ అంటారు. గ్రానైట్ దుమ్ముదీ అదే గుణం. అందుకే ఇంట్లో పలక కోసేటప్పుడు పొడిగా కోయకండి. ఒకరు నీళ్ళు పోస్తుంటే మరొకరు కోయాలి, ముక్కుకి మంచి మాస్కు ఉండాలి. జేబురుమాలు ఆ దుమ్ముని ఆపలేదు. యార్డులో మెరుగుపట్టే కుర్రాడొకడు నీళ్ళలో తడుస్తూ పనిచేస్తుంటే మావాడు చాలాసేపు అతన్నే చూస్తూ నిలబడ్డాడు. వాడి మనసులో ఏముందో నేనడగలేదు.

సరుకంతా అయ్యాక అసలు ఖర్చు ఎదురొచ్చింది. రవాణా. కుప్పం నుంచి ఇంటికి ఆటో ట్రాలీ మాట్లాడితే బండ ధరకి రెండింతలు అడిగాడు. చౌక సరుకు కోసం తిరిగేవాళ్ళంతా ఇక్కడే చతికిలబడతారు. దీనికి మందు రిటన్ బండి. సరుకు దించేసి ఖాళీగా తిరిగి వెళ్ళే టెంపో డీజిలు ఖర్చు ఎలాగూ పెట్టుకోవాలి కాబట్టి, వచ్చినంత చాలనుకుంటుంది. టీకొట్లో రెండుగంటలు కూర్చుని, ఆగిన ప్రతి డ్రైవర్నీ "అన్నా, యా ఊరికి?" అని పలకరించాం. ఆఖరికి టమోటాలు దించేసి మదనపల్లెకి ఖాళీగా పోతున్న టెంపో ఒకటి దొరికింది. ప్లాస్టిక్ పెట్టెల మధ్య బండని నిలువుగా నిలబెట్టి, గోనెసంచులు ఇరికించి తాడు బిగించాం. పుంగనూరులో ఆగి షాఫ్టునీ చక్రాల పట్టాలనీ ఎక్కించుకోవడానికి డ్రైవరు మరో వంద అడిగాడు. మావాడు యాభైకి బేరమాడి, అరవైకి ఒప్పించి, టాపు మీదికెక్కి కూర్చున్నాడు. ఒకటో తేదీకి ఇంకా తొమ్మిది రోజులుంది.